తైవాన్‌లో వారం రోజులు: తైపేలో దిగాలా, తైనాన్‌లోనా, తూర్పు తీరంలోనా?

"వారం సెలవు దొరికింది. తైపేలో దిగి, ద్వీపమంతా ఒక చుట్టు చుట్టేసి వచ్చేస్తాం. చిన్న దేశమేగా?"

ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నాకు ఇలా ఫోన్ చేస్తారు. మేం నాలుగేళ్లుగా సిన్‌చులో ఉంటున్నాం. చిప్పుల ఫ్యాక్టరీలు, పక్కనే రెండు పెద్ద యూనివర్సిటీలు, వాటిలో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు, ఎప్పుడూ ఆగని గాలి. ఇదీ మా ఊరు. చూడటానికి రమ్మని ఎవరినీ పిలవను. కానీ వచ్చిన చుట్టాలందరినీ ఎక్కడో ఒకచోట తిప్పాల్సింది నేనే కాబట్టి, ఎవరు ఏ ఊళ్లో సంతోషంగా ఉన్నారో, ఎవరు ఎక్కడ మొహం మాడ్చుకున్నారో బాగానే గుర్తుంది.

చిన్న దేశమన్నది అబద్ధమేం కాదు. విస్తీర్ణం సుమారు 36,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడో వంతు కూడా ఉండదు. అయితే మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణం దాకా కొండలు గోడ కట్టినట్టు నిలబడ్డాయి. 3,000 మీటర్లు దాటిన శిఖరాలు 200కు పైనే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది యూషాన్, 3,952 మీటర్లు. అందుకే 2.3 కోట్ల జనంలో ఎక్కువమంది పడమటి మైదానంలోనే ఉంటారు, హైస్పీడ్ రైలు కూడా అటువైపే నడుస్తుంది. తూర్పు తీరానికి పోవాలంటే ఆ కొండల్ని చుట్టి పోవాలి. వారంలో ద్వీపం చుట్టలేమా అంటే చుట్టొచ్చు, రోజూ పొద్దున్నే పెట్టెలు సర్దుకోవడం మీకు సరదా అయితే.

నేను చెప్పేది ఒక్కటే. ఒక ఊరిని ఇల్లులా చేసుకుని అక్కడ నాలుగైదు రాత్రులు ఉండండి. కావాలంటే ఇంకో ఊళ్లో రెండు రాత్రులు. ఆ ఒక్క ఊరు ఏది అన్నదే అసలు ప్రశ్న.

## ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

మోకాళ్లు ఎలా ఉన్నాయి? నవ్వులాట కాదు. మా నాన్నను మొదటిసారి తైపే దగ్గరి జోఫెన్ అనే కొండ ఊరికి తీసుకెళ్లాను. ఎర్ర లాంతర్లు వేలాడే ఇరుకు సందులు, ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. ఫొటోల్లో కనిపించనిది మెట్లు. సగం దూరం ఎక్కి ఒక టీ కొట్టు ముందు కూలబడి, "మీరు వెళ్లి రండి, నేనిక్కడ టీ తాగుతుంటా" అన్నారు. రెండు గంటలు అక్కడే ఉన్నారు.

ఏం తింటారు? శాకాహారులకు తైవాన్ అంత సుఖమైన చోటు తూర్పు ఆసియాలో ఇంకోటి ఉందనుకోను. కానీ ఊరికీ ఊరికీ తేడా ఉంది.

ఏ నెలలో వస్తున్నారు? ఉత్తరాన తైపేలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సన్నటి తుంపర, 15 డిగ్రీల చలి, ఇంటి గోడలు కూడా చెమ్మగా ఉంటాయి. అదే రోజుల్లో దక్షిణాన తైనాన్, కావ్‌షుంగ్‌లలో ఎండ కాస్తూ ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా అంతటా తుపానుల కాలం. చాంద్రమాన కొత్త సంవత్సరం వారంలో మాత్రం రావద్దు. సగం హోటళ్లు మూసేస్తారు, రైలు టికెట్లు దొరకవు.

రాత్రి 8 గంటలకు ఏం చేస్తారు? ఇది ఎవరూ అడగరు. నా లెక్కలో ఇదే ముఖ్యం. పగలు చూసే గుళ్లూ కొండలూ ఎక్కడైనా ఉంటాయి. తైవాన్‌లో ఊరి స్వభావం తెలిసేది పొద్దున్నే టిఫిన్ కొట్టు దగ్గర, రాత్రి నైట్ మార్కెట్లో. ఆ రెండు పూటలూ మీరు ఏ ఊళ్లో గడపాలనుకుంటారో అక్కడే గది తీసుకోండి.

## ఏ ఊళ్లో ఉన్నా తప్పిపోనివి

కొందరు "తైపేలో ఉండకపోతే అసలు తైవాన్ చూసినట్టు కాదేమో" అని టెన్షన్ పడతారు. ఆ భయం వద్దు. ఈ దేశపు రోజువారీ తమాషాలు దాదాపు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి.

సాయంత్రం చెత్త లారీ పియానో పాట వేసుకుంటూ వస్తుంది. మా పిన్ని పిల్లలు ఐస్‌క్రీమ్ బండి అనుకుని చిల్లర పట్టుకుని పరుగెత్తారు. వీధిలో చెత్తబుట్టలు అరుదు కాబట్టి జనమే సంచులు పట్టుకుని లారీ కోసం నిలబడతారు. తిండి వ్యర్థాలు వేరు, ప్లాస్టిక్ వేరు. ఆ పది నిమిషాల్లో వీధి కబుర్లన్నీ అయిపోతాయి, మన బోరింగు దగ్గరలాగే.

ప్రతి మలుపులో ఒక కన్వీనియన్స్ స్టోర్. అక్కడ కాఫీ, రైలు టికెట్లు, కరెంటు బిల్లు, పార్సిళ్లు, ప్రింటవుట్లు, కూర్చోవడానికి బల్లలు అన్నీ ఉంటాయి. తలుపు తెరవగానే సోయా నీళ్లలో ఉడుకుతున్న టీ గుడ్ల వాసన కొడుతుంది. మా అమ్మ ముక్కు మూసుకునే లోపలికి వెళ్లేది, నాలుగో రోజుకు మానేసింది.

కొన్న ప్రతి వస్తువుకూ ఇచ్చే రసీదు మీద లాటరీ నంబరు ఉంటుంది. వ్యాపారులు పన్ను ఎగ్గొట్టకుండా 1951లో పెట్టిన పద్ధతి ఇది. రెండు నెలలకోసారి, బేసి నెల 25న డ్రా తీస్తారు. అన్నిటికంటే పెద్ద బహుమతి కోటి తైవాన్ డాలర్లు. టూరిస్టులకు కూడా హక్కు ఉంది, పారేయకండి.

గుళ్లలో నెలవంక ఆకారపు రెండు చెక్క ముక్కలు చేతిలో పట్టుకుని, దేవుణ్ని ప్రశ్న అడిగి నేల మీద వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఔనని. రెండూ ఉబ్బు వైపు పైకి పడితే కాదని. రెండూ చదును వైపు పైకి పడితే దేవుడు నవ్వుతున్నాడని, అంటే ప్రశ్న సరిగ్గా అడగమని. పక్కనున్నవాళ్లు పిలిచి మరీ నేర్పిస్తారు.

ఇంకోటి, మా సిన్‌చు ముచ్చట. మిషన్లు మొరాయించకుండా వాటి మీద ఆకుపచ్చ రంగు చిరుతిండి ప్యాకెట్ ఒకటి పెడతారు. దాని పేరు "గ్వాయ్ గ్వాయ్", అంటే బుద్ధిగా ఉండు అని. ఆకుపచ్చదే కావాలి, ఎక్స్‌పైరీ తేదీ దాటకూడదు. కోట్ల విలువైన యంత్రాల పక్కన ఆ ప్యాకెట్ చూసి మావారు మొదట నవ్వారు. తర్వాత మన ఆయుధపూజ గుర్తొచ్చి ఊరుకున్నారు.

## ఒక్క చూపులో

| | తైపే | తైనాన్ | కావ్‌షుంగ్ | తైచుంగ్ | తూర్పు తీరం |
|---|---|---|---|---|---|
| తైపే నుంచి రైలు | – | గంటా 45 నిమిషాలు, తర్వాత ఊళ్లోకి లోకల్ రైలు | సుమారు 2 గంటలు | సుమారు గంట | హువాలియెన్‌కు 2 గంటలకు పైగా, తైతుంగ్‌కు దాదాపు 4 |
| ఊళ్లో తిరగడం | మెట్రో, చాలా తేలిక | మెట్రో లేదు, నడక, బస్సు, టాక్సీ | మెట్రో, లైట్ రైల్, ఫెర్రీ | బస్సులు, ఒక మెట్రో లైను | డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవాలి |
| శాకాహారం | ఎక్కువ రకాలు | ఉంది, వెతకాలి | బాగుంది | బాగుంది | తక్కువ |
| మంచి నెలలు | అక్టోబరు–నవంబరు, మార్చి–ఏప్రిల్ | నవంబరు–మార్చి | నవంబరు–మార్చి | అక్టోబరు–ఏప్రిల్ | అక్టోబరు–నవంబరు, మార్చి–ఏప్రిల్ |
| మోకాళ్లకు | మంచిది, కొండ ఊళ్లు వదిలేస్తే | ఫుట్‌పాత్‌లు కష్టం | అన్నిటికంటే మేలు | ఫర్వాలేదు | కారు ఉంటే ఫర్వాలేదు |

## తైపే: మొదటిసారి వస్తున్నవాళ్లకు

తావ్‌యువాన్ ఎయిర్‌పోర్టు నుంచి ఊరి నడిబొడ్డుకు ఎక్స్‌ప్రెస్ మెట్రోలో 40 నిమిషాల లోపే. స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి, బోర్డులు ఇంగ్లీషులోనూ ఉంటాయి. ఈజీకార్డ్ అనే కార్డు 100 తైవాన్ డాలర్లకు కొనుక్కుని డబ్బు వేసుకుంటే మెట్రో, బస్సు, కన్వీనియన్స్ స్టోర్ అన్నిటికీ అదే. ఒక తైవాన్ డాలరు అంటే దాదాపు 3 రూపాయలు అని లెక్క వేసుకోండి. ఒక హెచ్చరిక: మెట్రోలో మంచినీళ్లు తాగినా, చూయింగ్ గమ్ నమిలినా జరిమానా 1,500 నుంచి 7,500 తైవాన్ డాలర్ల దాకా ఉంటుంది.

తైపే 101 గురించి వేరే చెప్పనక్కర్లేదు. 508 మీటర్ల భవనం, 2010లో దుబాయ్ బుర్జ్ ఖలీఫా వచ్చేదాకా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనది అదే. పైకి ఎక్కితే నగరం కన్నా నాకు నచ్చింది లోపల వేలాడదీసిన 660 టన్నుల ఉక్కు గుండు. గాలికీ భూకంపానికీ భవనం ఒకవైపు ఊగితే అది రెండోవైపు ఊగి నిలబెడుతుంది.

అయితే పెద్దవాళ్లతో వస్తే 101 కన్నా బెయ్‌తోవ్‌కు ఒక రోజు ఇవ్వండి. మెట్రోలోనే వెళ్లగలిగే వేడినీటి ఊటల ఊరు. వీధంతా గంధకం వాసన, ఆవిరి కక్కే పచ్చటి నీటి గుండం. ఊటల్లో స్నానం అనగానే మనవాళ్లు బిగుసుకుపోతారు, ఎందుకంటే చాలాచోట్ల ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు అయినా ఒంటి మీద బట్ట ఉండకూడదు. ఈత దుస్తులతో దిగే బహిరంగ కొలనూ ఉంది. అన్నిటికన్నా మా అమ్మకు నచ్చింది హోటళ్లలో గంట లెక్కన ఇచ్చే విడి గది. బీపీ ఉన్నవాళ్లు పది నిమిషాలకోసారి లేచి బయటికి రావాలి.

తిండికి వస్తే, శాకాహార హోటళ్ల బోర్డుల మీద మన స్వస్తిక్ గుర్తు కనిపిస్తుంది. ఇక్కడ అది బౌద్ధానికి గుర్తు, "సు" అంటే శాకాహారం. ఆ వంటలో చాలామటుకు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీకమాసం వంట అనుకోండి. ప్యాకెట్ల మీదైతే గుడ్డు ఉందా, పాలు ఉన్నాయా, ఉల్లి వెల్లుల్లి ఉన్నాయా అని విడివిడిగా రాయాలని నిబంధన. పళ్లెంలో మనమే వడ్డించుకుని తూకం వేయించుకునే సు హోటళ్లు ఉంటాయి. 100–150 తైవాన్ డాలర్లకు కడుపు నిండుతుంది. మామూలు హోటల్లో మాత్రం "కూరగాయలేగా" అని నమ్మకండి. ఆకుకూర పంది కొవ్వులో వేయిస్తారు, చారులో ఎండు చేపల పొడి ఉంటుంది. "వో ఛ సు" అంటే నేను శాకాహారిని అని. ఈ మూడు ముక్కలు నేర్చుకుంటే సగం కష్టం తీరిపోతుంది.

తైపేకు ఉన్న లోపం ఏమిటంటే, సింగపూరో హాంకాంగో ముందే చూసినవాళ్లకు మొదటి రెండు రోజులూ "ఇలాంటిదే చూశాం కదా" అనిపించవచ్చు. రెండో లోపం వాన. ఫిబ్రవరిలో మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు నాలుగు రోజులు సూర్యుడే కనిపించలేదు. ఐదో రోజు హైస్పీడ్ రైలెక్కి దక్షిణానికి వెళ్లిపోయాం. తైచుంగ్ దాటాక కిటికీలోంచి ఎండ పడింది. నాన్న స్వెట్టర్ విప్పేసి, "ఇక్కడికే ముందు తీసుకురావచ్చుగా" అన్నారు.

## తైనాన్: నాకు అన్నిటికన్నా ఇష్టమైనది

ముందే చెప్పేస్తున్నా, ఈ ఊరి విషయంలో నేను న్యాయంగా మాట్లాడలేను.

1624లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడి ఆన్‌పింగ్ తీరంలో కోట కట్టింది. మన బందరులో వర్తకం చేసి, వలందపాలేనికి పేరిచ్చిన ఆ వలందులే వీళ్లూ. 1661లో జంగ్ చెంగ్‌గోంగ్ అనే యోధుడు వచ్చి తొమ్మిది నెలలు ముట్టడించాడు. 1662లో వాళ్లు కోట అప్పగించి వెళ్లిపోయారు. ఆ తర్వాత 19వ శతాబ్దం చివరిదాకా ఈ ద్వీపానికి రాజధాని తైనానే. 1665 నాటి కన్ఫ్యూషియస్ గుడి ఇంకా ఉంది. 1932లో జపాన్ పాలనలో కట్టిన హయాషి డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఇప్పటికీ వస్తువులు అమ్ముతున్నారు. ఆన్‌పింగ్‌లో ఒక పాత గోదామును మర్రి ఊడలు పూర్తిగా మింగేశాయి. కప్పు ఎగిరిపోయి, గోడల్లోంచి చెట్టు, చెట్టులోంచి గోడ. దాన్ని చూసి మా నాన్న అరగంట కదల్లేదు.

కానీ తైనాన్‌కు చరిత్ర కోసం కన్నా తిండి కోసమే తైవాన్ వాళ్లు కూడా వస్తారు. తెల్లవారుజామున 5 గంటలకే గొడ్డుమాంసం చారు కొట్ల ముందు జనం. అప్పుడే కోసిన మాంసం పల్చగా తరిగి, మరిగే చారు పోసి ఇస్తారు. పాలచేప జావ, ఈల్ చేప నూడుల్స్, చిన్న గిన్నెలో వచ్చే దాన్‌జాయ్ నూడుల్స్. ఇవి తినగలిగినవాళ్లు తైనాన్‌కు రాకుండా తైపేలోనే వారం గడిపితే నాకు బాధగా ఉంటుంది.

తినలేనివాళ్లకు? ఉంది గానీ వెతుక్కోవాలి. పెద్ద గుళ్ల చుట్టుపక్కల సు కొట్లు తప్పకుండా ఉంటాయి. సోయా పాలతో చేసే తోవ్‌హ్వా అనే మెత్తటి తీపి, బాదం జెల్లీ, మంచు కోరు మీద మామిడి ముక్కలు (ఎండాకాలంలోనే) మన పిల్లలు వదలరు. ఇంకో ఇబ్బంది, ఈ ఊరి వంటలో తీపి ఎక్కువ. కూరలో, చారులో, సాస్‌లో పంచదార తగులుతుంది. గుంటూరు నాలుకతో వచ్చిన మా బాబాయి రెండో రోజే పెట్టె తెరిచి కారప్పొడి డబ్బా బయటికి తీశారు.

రాత్రి మార్కెట్ల విషయంలో ఒక మెలిక ఉంది. తైపేలోలా ఇక్కడ రోజూ ఒకేచోట ఉండవు. హువాయువాన్ గురు, శని, ఆదివారాల్లో. దాతుంగ్ సోమ, మంగళ, శుక్రవారాల్లో. వూషెంగ్ బుధ, శనివారాల్లో. వారాన్ని బట్టి బండ్లన్నీ ఊరేగుతాయి, మన వారపు సంతల్లాగే. మీరుండే రాత్రులు ఏ వారాలో చూసుకుని రండి.

తైనాన్‌లో నడక కష్టమని ఊరి వాళ్లే ఒప్పుకుంటారు. పాత వీధుల్లో కొట్ల ముందు కప్పున్న వరండాలు ఉంటాయి, వాటి నిండా స్కూటర్లు. రోడ్డు మీదికి దిగి నడవాలి. పిల్లల బండి తోసుకొచ్చేవాళ్లకు, చేతికర్ర ఉన్నవాళ్లకు నరకమే. హైస్పీడ్ స్టేషన్ కూడా ఊరికి దూరం, అక్కడి నుంచి లోకల్ రైల్లో 25 నిమిషాలు. తైపే నుంచి టికెట్ 1,350 తైవాన్ డాలర్లు.

## కావ్‌షుంగ్: అమ్మానాన్నలతో వచ్చేవాళ్లకు

తైనాన్ అంటే ప్రేమ, కావ్‌షుంగ్ అంటే సుఖం. ఓడరేవు నగరం, వెడల్పాటి రోడ్లు, మెట్రో, ఊరి చుట్టూ తిరిగే లైట్ రైల్. హైస్పీడ్ రైలు దిగగానే అదే స్టేషన్లో మెట్రో ఉంటుంది (తైపే నుంచి 1,490 తైవాన్ డాలర్లు). చలికాలంలో ఎండ. గది అద్దెలు తైపే కన్నా తక్కువ.

ఇక్కడి నుంచి మామూలు రైల్లో తైనాన్‌కు గంట లోపే. అందుకే పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది: గది కావ్‌షుంగ్‌లో, ఒక పగలు తైనాన్‌లో. తెల్లవారుజామున, రాత్రి తైనాన్ ఎలా ఉంటుందో మీకు తెలియదు, అది నష్టమే. బదులుగా ఎవరి మోకాళ్లూ పాడవవు.

చూడాల్సింది ఫోగువాంగ్‌షాన్ బుద్ధ మ్యూజియం. 2011లో తెరిచారు. పీఠంతో కలిపి 108 మీటర్ల బుద్ధుడు, రెండు వైపులా గోపురాల వరస, లోపల శాకాహార భోజనం. మా అమ్మ ఈ ట్రిప్పు మొత్తంలో "ఇంకో పూట ఉందామా" అని అడిగింది ఇక్కడొక్కచోటే. లోటస్ పాండ్ దగ్గర రెండు గోపురాలు ఉన్నాయి. డ్రాగన్ నోట్లోంచి లోపలికెళ్లి పులి నోట్లోంచి బయటికొస్తే పీడ పోతుందంటారు. పిల్లలు నాలుగుసార్లు తిరిగారు. సాయంత్రం ఫెర్రీలో పది నిమిషాలు వెళితే చీజిన్ ద్వీపం, సముద్రపు ఒడ్డు.

## తైచుంగ్

సన్ మూన్ లేక్ కోసం రెండు రాత్రులు ఉండొచ్చు. సరస్సుకు బస్సులో గంటన్నర నుంచి రెండు గంటలు. ముత్యాల టీ పుట్టింది ఇక్కడేనని తైచుంగ్ కొట్టు ఒకటి, కాదు మాదేనని తైనాన్ కొట్టు ఒకటి కోర్టుకెక్కాయి, ఎవరూ గెలవలేదు. ఎక్కడ తాగినా "బాన్ థాంగ్" అనండి, సగం చక్కెర వేస్తారు. ఇంతకు మించి తైచుంగ్‌ను వారానికి మకాంగా చేసుకోమని చెప్పడానికి నాకు కారణం కనిపించలేదు.

## తూర్పు తీరం: ముందుగా ఒక జాగ్రత్త

పాత వ్యాసాలన్నీ హువాలియెన్ వెళ్లి తారోకో లోయ చూడమంటాయి. పాలరాతి కొండల్ని నది కోసుకుంటూ పోయిన లోయ అది. 2024 ఏప్రిల్ 3న వచ్చిన పెద్ద భూకంపానికి అక్కడి దారులూ, కాలిబాటలూ బాగా దెబ్బతిని, లోయలో చాలా భాగం మూసేశారు. 2025 సెప్టెంబరులో తుపాను వానకు కొండల్లో ఏర్పడ్డ మడుగు పొంగి, హువాలియెన్ జిల్లాలోనే గువాంగ్‌ఫు ఊరిని ముంచేసింది. కాబట్టి టికెట్ కొనేముందు నేషనల్ పార్క్ వెబ్‌సైట్‌లో ఏ దారి తెరిచి ఉందో చూడండి. తారోకో ఒక్కటే మీ ఆశ అయితే, అక్కడ ఔనని కనిపించేదాకా ఆగండి.

తారోకో లేకపోయినా తూర్పుకు పోదామనిపిస్తే ఇంకా కిందికి, ఛిషాంగ్ దాకా వెళ్లండి. రెండు కొండల వరసల మధ్య పొడుగాటి లోయ, దాని నిండా వరి. ఒక దారి పొడవునా కరెంటు స్తంభమే లేదు, చేలు చెడతాయని రైతులే వద్దన్నారు. జపాన్ పాలనలో ఇక్కడి బియ్యం చక్రవర్తికి పంపేవారు. రైల్వే స్టేషన్ దగ్గర చెక్క డబ్బాలో అమ్మే అన్నం ఈ ఊరికి పేరు తెచ్చింది. కోనసీమ నుంచి వచ్చిన స్నేహితురాలు, "వరి చేలు చూడటానికి ఇంత దూరం తీసుకొచ్చావా?" అని నవ్వింది. సైకిలెక్కి గట్ల మీద గంట తిరిగాక మాట్లాడలేదు. తర్వాత అన్నం మాత్రం మాది ఇంకా బాగుంటుందంది. నేను వాదించలేదు.

తైవాన్ ప్రభుత్వం గుర్తించిన మూలవాసి తెగలు 16. వాళ్లలో పెద్దదైన అమిస్ వాళ్ల పంట పండుగలు జులై, ఆగస్టుల్లో ఈ తీరం పొడవునా జరుగుతాయి. ఎండ దారుణంగా ఉంటుంది, తుపాను వస్తే రైళ్లు ఆగుతాయి. తెలిసే రండి.

ఇక్కడ బస్సులు తక్కువ, ఇంగ్లీషు తక్కువ, శాకాహారం తక్కువ. నలుగురు కలిసి రోజుకు కారు, డ్రైవరు మాట్లాడుకుంటే గిట్టుబాటు అవుతుంది. ఒంటరిగా వచ్చేవాళ్లకు ఖర్చే.

## ఎవరికి ఏది

పెళ్లయిన కొత్తలో వస్తున్నవాళ్లు, మాంసం చేపలు అన్నీ తినేవాళ్లు: తైనాన్‌లో నాలుగు రాత్రులు, తైపేలో మూడు. తిరగేయకండి.

అరవై దాటిన తల్లిదండ్రులతో: చలికాలమైతే కావ్‌షుంగ్‌లో నాలుగు, తైపేలో రెండు. అక్టోబరులోనో నవంబరులోనో అయితే తైపేలోనే ఐదు, అందులో బెయ్‌తోవ్‌కు ఒక రోజు. జోఫెన్ వద్దు. మా నాన్న మాట కూడా ఇదే.

చిన్నపిల్లలతో: తైపే. చర్చే లేదు. మెట్రో, శుభ్రమైన టాయిలెట్లు, పాలు పట్టే గదులు. మిగతా ఊళ్లలో ఇంత సులువు కాదు.

ఉల్లి, వెల్లుల్లి కూడా తినని వాళ్లతో: తైపే లేదా కావ్‌షుంగ్. తూర్పు తీరం వద్దు.

రెండోసారి వస్తున్నవాళ్లు: ఛిషాంగ్, తైతుంగ్ వైపు మూడు రాత్రులు, మిగతావి తైనాన్‌లో. తైపేలో ఎయిర్‌పోర్టు దారిలో ఒక్క రాత్రి చాలు.

సిన్‌చులో పిల్లల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు కూడా ఉంటారు. మీ అబ్బాయి ఇరుకు గదిలో వారం కూర్చోవద్దు. హైస్పీడ్ రైల్లో తైపే అరగంట దూరం. అక్కడ గది తీసుకుని, వాడినే సాయంత్రాలు రమ్మనండి.

## బుక్ చేసేముందు

వీసా సంగతి మొదట. అమెరికా, కెనడా, బ్రిటన్, షెంగెన్, జపాన్, కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో దేని వీసా అయినా ఉంటే, లేదా గత పదేళ్లలో గడువు తీరింది ఉంటే, కొన్ని షరతుల మీద ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రయాణ అనుమతి దొరుకుతుంది. దానిమీద ఒక్కో రాకకు 14 రోజుల వరకు ఉండొచ్చు. అవేమీ లేనివాళ్లకు మామూలు వీసా. మనకు దగ్గరి కార్యాలయం చెన్నైలో ఉంది.

రైలు టికెట్లు 28 రోజుల ముందు తెరుస్తారు. పడమటి హైస్పీడ్ రైలుకు తొందర లేదు, అప్పటికప్పుడు కూడా దొరుకుతుంది. తూర్పు తీరపు రైళ్లు వారాంతాల్లో త్వరగా నిండిపోతాయి. ఒక పొడుగు వారాంతానికి నేను పది రోజుల ముందు చూస్తే ఒక్క సీటూ లేదు. హువాలియెన్ హోటల్‌కు కట్టిన డబ్బు పోయింది.

చివరిగా పచ్చళ్లు. ఆవకాయ, గోంగూర, కందిపొడి తెచ్చుకోండి, మాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం అస్సలు వద్దు. పందుల జ్వరం భయంతో మాంసం ఏ రూపంలో ఉన్నా చాలా కఠినంగా ఉన్నారు. పంది మాంసం దొరికితే మొదటి తప్పుకే 2 లక్షల తైవాన్ డాలర్ల దాకా జరిమానా వేస్తారు. విమానంలో ఇచ్చిన శాండ్‌విచ్‌లో మాంసం ఉంటే అదీ అక్కడే తినేయాలి. పళ్లు, పచ్చి కరివేపాకు కూడా తేకూడదు. "అమ్మా, సీసాలో ఏముందో ఒక్కసారి చూడు" అని బయల్దేరే ముందు రాత్రి ఫోన్ చేసి మరీ చెబుతాను నేను. ఎయిర్‌పోర్టులో కుక్కలు సామాన్లు వాసన చూస్తాయి, వాటికి మన పచ్చళ్లంటే మహా ఆసక్తి.